లంగరు వేసిన పడవ కూడా గంట కొట్టవలెను

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:13–44



అమెరికా దేశపు ఈశాన్య మూలలో మెయిన్ అను రాష్ట్రమున్నది. దాని సముద్రతీరమును తిన్నగా కొలిస్తే సుమారు 230 మైళ్లు. ప్రతి మలుపు, ప్రతి పాయ, ప్రతి దీవి అంచు వెంబడి కొలిస్తే 3,000 మైళ్లు దాటును. అన్ని మలుపులున్న చోట రేవులకు కొదువ లేదు. పోర్ట్‌లాండ్, బూత్‌బే, రాక్‌లాండ్, క్యామ్డెన్ అని ఒకదాని తరువాత ఒకటి ఉన్నవి. వేసవి సెలవులలో అనేక కుటుంబములు తెరచాప పడవలెక్కి, పగలు ప్రయాణము చేసి, సాయంత్రము ఏదో ఒక రేవులో లంగరు వేసి నిద్రించుదురు.

మన తెలుగు బాప్తిస్టులకు ఈ రాష్ట్రము బొత్తిగా పరాయిది కాదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండపై మన జనుల కొరకు మోకరించిన లైమన్ జ్యువెట్ దొరగారు 1813లో ఆ రాష్ట్రములోని వాటర్‌ఫర్డ్‌లో జన్మించినవారే. మిషను మూసివేయుదమా అను మాట నడుచుచున్న రోజులవి. ముందు దారి కనబడనప్పుడు ఏమి చేయవలెనో ఆయన ఎరుగును.

ఆ తీరమునకు పొగమంచు ఎక్కువ. అదియు వేసవిలోనే ఎక్కువ. దక్షిణపు దిక్కునుండి వచ్చు వెచ్చని తేమగాలి అక్కడి చల్లని సముద్రము మీదికి రాగానే చల్లబడి మంచుగా మారును. ఉదయము ఎండ కాసిన చోట మధ్యాహ్నమునకు పడవ ముందుభాగము కూడా సరిగా కనబడదు. నీటి అడుగున రాళ్లు, పైన లాబ్‌స్టర్లు పట్టు బోనుల త్రాళ్లు. ఆ త్రాడు ప్రొపెల్లరుకు చుట్టుకొన్నదంటే పడవ నిలిచిపోయినట్లే.

దీనిని కొంచెము ఆలోచించండి. మంచు కష్టకాలములో కాదు, హాయిగా ప్రయాణము చేయు కాలములోనే వచ్చుచున్నది. మన పితరులు కోలారు బంగారు గనులకు, ఖరగ్‌పూర్ రైల్వేకు, షోలాపూర్ మగ్గములకు వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేదు, ఉండుటకు ఇల్లు లేదు. అయినను సాయంకాలము తెలుగు కీర్తన వినబడుచుండెను. ఇప్పుడు ఇండ్లున్నవి, పెన్షన్లున్నవి. బైబిలు చేతికిస్తే మన మనుమలు అట్టను చూచి తిరిగి ఇచ్చుచున్నారు, అక్షరములు తెలియవు గనుక. పేదరికము చేయలేని పని సుఖము చేసినదని మేము తలంచుచున్నాము.

మంచులో పడవలకు నియమములున్నవి. ఇంజను పడవ నడుచుచున్నప్పుడు రెండు నిమిషములకు మించకుండ ఒక పొడుగైన కూత వేయవలెను. తెరచాప పడవ అయితే ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు. ఎదుట కూత వినబడి, అది ఎటు పోవుచున్నదో తెలియకున్నచో వేగము తగ్గించుకొనవలెను. ఇవన్నియు కదులుచున్నవారికి. లంగరు వేసి నిలిచియున్న పడవకు కూడా నియమమున్నది. నిమిషమునకొకసారి, సుమారు 5 సెకండ్లపాటు, గబగబ గంట కొట్టవలెను. గంట లేని చిన్న పడవవారు ఏదో ఒక శబ్దమైనా చేయవలెను. నేను క్షేమముగా చేరితిని, ఇక పడుకొందును అనుటకు వీలు లేదు. మంచులో ఇంకా వెదకుచున్న పడవ వచ్చి ఢీకొంటే ఇద్దరికీ నష్టమే.

నేడు రాడారు వచ్చినది, ఉపగ్రహముల ద్వారా దారి చూపు యంత్రములు వచ్చినవి. అయినను గంట నియమమును తీసివేయలేదు.

పౌలు ఎక్కిన ఓడను చూడండి. మంచిరేవులలో ఆగమని ఆయన చెప్పినప్పుడు ఎవరూ వినలేదు. తరువాత అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదు. బుడుదు వేసి చూడగా లోతు ఇరువది బారలు, మరికొంత దూరమునకు పదునైదు. భయపడి నాలుగు లంగరులు దింపి తెల్లవారుట కొరకు కనిపెట్టిరి. ఓడవారేమో లంగరు వేయు నెపముతో చిన్న పడవను దింపి, తమంతట తామే తప్పించుకొన చూచిరి! లంగరు పేరు చెప్పి పారిపోవుట ఈనాటిది కాదన్నమాట. పౌలు ఖైదీ. ఆయనను ఎవరూ అడుగలేదు. అయినను ఆ చీకటిలో నోరు తెరచి మాటలాడినవాడు ఆయనే. రొట్టె పట్టుకొని అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెప్పి తినెను. అది చూచి 276 మందికి ధైర్యము వచ్చెను. ఓడ బద్దలైనది గాని పలకల మీదనైనను అందరును దరి చేరిరి.

కోలారు గనులు 2001లో మూతపడినప్పుడు అనేక కుటుంబములు చెదరిపోయినవి. మరియొక ప్రక్క నేటికిని పాలమూరు పల్లెలనుండి, ఉత్తరాంధ్రనుండి కూలిపనికి వచ్చువారు మన పట్టణములలో దిగుచునే యున్నారు. కన్నడము రాదు, మరాఠీ రాదు. ఫోనులో తెలుగు ప్రసంగము వినుచున్నారు. కాని జ్వరము వచ్చినప్పుడు ఏ ఆసుపత్రికి పోవలెనో, బిడ్డను ఏ బడిలో చేర్చవలెనో ఆ ఫోను చేయి పట్టుకొని తీసికొనిపోదు. మన గుడి మూడు వీధుల అవతలనే ఉండును. అక్కడ తెలుగు ఆరాధన జరుగునని వారికి తెలియదు. బోర్డు మీద తెలుగు అక్షరములు వెలిసిపోయి ఎన్ని సంవత్సరములైనది?

మెయిన్ తీరములోనే 1905లో ఒక మిషను ప్రారంభమైనది. రేవుకు రాలేని దూరపు దీవులవారి యొద్దకు సన్‌బీమ్ అను వారి పడవయే వెళ్లును. మన సంఘములలో కూడా ఈ వేసవి సెలవులలో ఆదివారము సాయంత్రములు ఇద్దరిద్దరుగా కట్టడముల వద్దనున్న గుడిసెలకు వెళ్లవచ్చును. పిల్లలకు ఓనమాలు నేర్పుటకు రిటైరైన ఒక మాస్టరుగారో, ఒక అమ్మగారో ప్రతి సంఘములో ఉన్నారు. ముందు ఆ బోర్డుకు రంగు వేయించండి.