గాలికి జడిసిన ఇల్లు

ప్రకృతికి దగ్గరగా ఉండే ఇల్లు కావాలని ఈమధ్య చాలామంది అంటున్నారు. వాళ్ల మాటల్లో దానికి అర్థం పెద్ద కిటికీలు, బాల్కనీలో నాలుగు కుండీలు, ముందు గోడకు రాతి పలకలు. అందం మీద మక్కువ మంచిదే. ప్రకృతి బలం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ బలాన్ని తలచుకుని కట్టిన ఇళ్లు మనకు లేకపోలేదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి.

చుట్టింటికి మూలలుండవు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద ఏటవాలుగా లేచిన తాటాకు కప్పు, మనిషి వంగితే తప్ప దూరలేనంత కిందికి దిగిన చూరు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. బల్లపరుపు గోడ ఆ తోపునంతా ఎదురు నిలిచి భరించాలి. గుండ్రటి గోడ గాలిని రెండు పక్కలకూ జారనిస్తుంది. ఇక కప్పు సంగతి. తుపానుకు కప్పులు కూలిపోవడం కంటే లేచిపోవడమే ఎక్కువ. మీదుగా పరుగెత్తే గాలి పైకి పీలుస్తుంది, చూరు కింద దూరిన గాలి అడుగునుంచి ఎత్తుతుంది. వాలు తక్కువగా ఉన్న రేకులు ఎగిరేది అందుకే. చుట్టింటి చూరు ఆ సందును దాదాపు మూసేస్తుంది, పనిలో పనిగా మట్టిగోడను వాననుంచి కాస్తుంది. కట్టినవాళ్లు సూత్రాలు చదవలేదు. ఏ కప్పు ఎగిరిందో, ఏది నిలిచిందో చూశారు. నిలిచినదానిలాగే మళ్లీ కట్టారు.

ఆ ఇంటిని గీసింది భయం. భయమంటే మనకు చిన్నచూపు గానీ, మక్కువ ఉన్నవాడు ప్రకృతిలో తనకు నచ్చింది ఏరుకుంటాడు, జడిసినవాడు నచ్చనిదాన్ని కూడా లెక్కలో వేసుకుంటాడు. అందుకు మూల్యం ఉంది. లోపల పట్టపగలే మసక. బీరువా గోడకు ఆనదు. కొడుక్కి పెళ్లయితే గది కలపలేరు, పక్కన ఇంకో ఇల్లు లేపాలి. ఎండాకాలంలో నిప్పురవ్వ పడిందా, అంతే. డాబా దొరికినవాళ్లు అటు వెళ్లారంటే తప్పుపట్టడానికి మనమెవరం?

పైగా అది జడిసింది గాలికే. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి గాలితోపాటు సముద్రమూ వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. ఉప్పెన ముందు గోడ గుండ్రమైనా నలుచదరమైనా ఒకటే, మట్టిదైతే నానిపోతుంది. నీటికి జవాబు ఇంటి ప్లానులో దొరకదు. మడ అడవిని మిగుల్చుకోవడంలో, మెరకన ఉండటంలో, హెచ్చరిక రాగానే ఇల్లు వదిలి పోవడంలో ఉంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుపాను గాలికి విశాఖలో ఎన్నో భవనాల అద్దాలు పగిలాయి, విమానాశ్రయం కప్పు దెబ్బతింది. అది తెలిసీ మా తమ్ముడు భీమిలి వైపు కట్టబోయే ఇంటికి సముద్రం దిక్కున నిలువెత్తు అద్దం గీయించాడు.

"సముద్రం కనబడకపోతే అక్కడ కట్టడమెందుకన్నయ్యా?" అన్నాడు.

అదీ నిజమే. అద్దం ఉంచుకో, దానికి బయట చెక్క తలుపులు పెట్టించు, చూరు కొంచెం దించు అన్నాను. తలుపులకు ఒప్పుకున్నాడు. చూరు దించితే ముందు నుంచి ఇల్లు పొట్టిగా కనిపిస్తుందట.