ముడివేముకు వచ్చిన మిగతా స్త్రీలు

కడప జిల్లా పెద్దముడియం పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక గర్భిణి వల్ల నిలిచింది. త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో విజయాదిత్యుడు చనిపోతే అతని రాణి ముడివేము అగ్రహారం చేరింది. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా కాపాడాడు. అక్కడే విష్ణువర్ధనుడు పుట్టాడు. 11వ శతాబ్దపు వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలు చెప్పే కథ ఇది. ఆ ముడివేమే పెద్దముడియమని చరిత్రకారులు గుర్తించారు.

రాణి వెంట వచ్చినవాళ్లనూ శాసనం ప్రస్తావిస్తుంది. పురోహితుడు, ముసలి మంత్రులు, కొందరు అంతఃపుర స్త్రీలు. ఆ స్త్రీలు తర్వాత ఏమయ్యారు? ఎవరి తోడుతో బతికారు? శాసనానికి ఆ ఊసే లేదు. దానికి కావలసింది వారసుణ్ణి కన్న కడుపు ఒక్కటే.

వాళ్లలో ఇద్దరు ఒకరినొకరు ప్రేమించుకుని కలిసి బతికారని నాటకం వేస్తే? ఆధారమేదని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ రాణి కథ కూడా వంశానికి గొప్ప మూలం కల్పించుకోడానికి పుట్టిందేనని చరిత్రకారులు అంటారు కదా! రాజుల కల్పన రాగిరేకుల కెక్కింది. మన కల్పనకు మాత్రం అబద్ధమని పేరు.

స్వలింగ ప్రేమికుల, హిజ్రాల గతం చాలావరకు శిక్షల భాషలోనే మిగిలింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పట్టు 2018 దాకా సడలలేదు. నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది, ఆడవేషంలో బయట కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు చేయమంది. వైజయంతీ వసంత మొగ్లి తదితరులు పోరాడితే 2023లో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. రిజిస్టరులో పేరుంటుంది, మనిషి ఉండదు. ఆ మనిషిని నిలబెట్టే చోటు రంగస్థలం.

ఆ రంగస్థలం మీదే స్థానం నరసింహారావు సత్యభామ అయితే మనం మురిసిపోయాం. ఆయనకు పద్మశ్రీ ఇచ్చుకున్నాం. ఆడవేషం నేరం కాదన్నమాట, ఆట అయిపోయాక కూడా విప్పనంటేనే నేరం.

అయినా నాకొక భయం ఉంది. ఏ ఊళ్లోనో ఇద్దరు ఆడవాళ్లు అక్కాచెల్లెళ్లమని చెప్పుకుని ఒకే ఇంట్లో ముసలివాళ్లయి ఉంటారు. ఆ అబద్ధమే వాళ్లకు గొడుగు. చరిత్రకోసమని ఆ గొడుగు లాగేసే హక్కు మనకెక్కడిది? మరుగున పడటం వేరు, మరుగున ఉండటం వేరు. మొదటిది ఇతరులు చేసిన అన్యాయం. రెండోది వాళ్లు తమకోసం కట్టుకున్న గోడ.

ఎ. రేవతి తన జీవితాన్ని తానే రాసుకుంది, తానే రంగస్థలమెక్కి నటించింది. పి. సత్యవతి అనువాదంలో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అది మనకూ దక్కింది. 1998లో 'ఫైర్' సినిమా మీద దాడులు జరిగినప్పుడు ఢిల్లీ వీధిలో లెస్బియన్లమని అట్టలు పట్టుకున్న స్త్రీలూ తమంతట తామే నిలబడ్డారు. తమ పేరు తామే ఇచ్చినవాళ్ల కథను ఆ పేరుతోనే చెప్పాలి. ఇవ్వనివాళ్ల కథ చెప్పాలంటే ఊరూ పేరూ మార్చి, ఇది మా ఊహ అని ముందే ఒప్పుకోవాలి. రాజుల శాసనాలు చేయని పని అదే.

సురభి నాటక సమాజం 1885లో పుట్టింది ఈ కడప జిల్లాలోనే. ఆడవాళ్లు రంగస్థలమెక్కడమే తప్పన్న రోజుల్లో వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఎక్కారు. పెద్దముడియంలో ఎప్పుడైనా ముడివేము నాటకం వేస్తే, రాణి ప్రసవమయ్యాక తెర దించకండి. గది బయట నీళ్లు కాస్తున్న ఆ ఇద్దరినీ కాసేపు మాట్లాడుకోనివ్వండి.