యముడి లెక్కకు అందని వయసు

కొడిమ్యాల వైపు ఊళ్లలో బీడీలు చేసే ఇళ్లు చాలా ఉంటాయి. తల్లి ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. పక్కనే తొట్టెలలో అయిదు నెలల పాప. ఆ చాటకూ తొట్టెలకూ మధ్య తిరిగే రెండున్నరేళ్ల పోరడికి పొద్దంతా పనే. నానబెట్టిన ఆకును ఒక్కొక్కటిగా తెచ్చి చెల్లె మీద పరుస్తాడు. చెల్లెకు చలి పెడుతోందట. దారపు ఉండను దొర్లించి మంచం కోళ్లకు చుట్టేస్తాడు. తల్లి కసిరితే, ఆకు చేతిలో ఉండగానే, "నేను కాదు, చెల్లె చేసింది" అంటాడు. ఆ చెల్లెకు బోర్లపడడమే ఇంకా సరిగా రాదు.

ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వు సద్దుమణగకముందే అరుగు మీది నుంచి నాయినమ్మ మాట వినిపిస్తుంది: "అబద్దమాడితే కండ్లు పోతయ్ బిడ్డా!"

నిజంగా పోతాయా? రెండున్నరేళ్ల వాడికి పాపం అంటుతుందా?

జగిత్యాల జిల్లావాళ్లు ఈ ప్రశ్న అడగడానికి దూరం పోనక్కర్లేదు. గోదావరి ఒడ్డున ధర్మపురిలో, లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకు గుడి ఉంది. యముడికి గుడి ఉండడమే అరుదు. ధర్మపురికి పోయినవాళ్లకు యమపురికి పోయే పని లేదని జనం నమ్మకం. ఆ యముడే ఒకప్పుడు సరిగ్గా ఈ ప్రశ్న దగ్గర తప్పు తీర్పు చెప్పి శాపం పొందాడు.

మహాభారతం ఆదిపర్వంలో ఉంది ఆ కథ. మాండవ్య మహర్షి మౌనవ్రతంలో ఉండగా దొంగలు సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కుంటారు. రాజభటులు దొంగలతోపాటు ఆయన్నీ శూలానికి ఎక్కిస్తారు. ప్రాణం పోదు. తప్పు తెలుసుకున్న రాజు దించినా శూలం ముక్క ఒంట్లోనే మిగిలిపోతుంది, అందుకే అణిమాండవ్యుడనే పేరు. నాకెందుకీ శిక్ష అని ఆయన నేరుగా యముడినే నిలదీస్తాడు. చిన్నప్పుడు రెక్కల పురుగులను గడ్డిపరకతో గుచ్చావు, దాని ఫలితమే ఇది అంటాడు యముడు. మహర్షికి కోపం ఆగదు. ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా, భూమ్మీద దాసి కడుపున పుట్టమని శపిస్తాడు. అలా పుట్టినవాడే విదురుడు. శాపంతో ఆగలేదు మాండవ్యుడు. 14 ఏళ్ల దాకా ఎవరేం చేసినా పాతకం కాదని కొత్త హద్దు గీశాడు.

కథలో అసలు సంగతి ఇక్కడుంది. ధర్మానికి అధిపతి అయినవాడి లెక్కే తప్పింది. దాన్ని దిద్దింది దెబ్బతిన్న ఒక మనిషి. తాను పడ్డ బాధ ఇక ఏ పిల్లవాడికీ రావద్దని చట్టాన్నే మార్చాడు. మన పురాణాల్లో పసివాళ్ల పక్షాన నిలబడ్డ ఇంతకంటే గట్టి వాదన లేదనే చెప్పాలి.

దీనికి ఎదురుగా నిలిచే వాదన క్రైస్తవ లోకం నుంచి వచ్చింది. నాలుగో శతాబ్దం చివర ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణానికి బిషప్ అయిన అగస్టీన్ తన 'కన్ఫెషన్స్'లో ఒక పసివాడి సంగతి రాశాడు. మాటలు కూడా రాని ఆ బిడ్డ, తనలాగే పాలు తాగుతున్న ఇంకో బిడ్డను మొహం పాలిపోయేంత అసూయతో చూశాడట. పిల్లల అమాయకత్వం వాళ్ల ఒంటి బలహీనతే కానీ మనసు మంచితనం కాదని ఆయన తేల్చాడు. పుట్టుకతోనే పాపం వెంట వస్తుందన్న ఆయన ఆలోచనకు ఇదొక సాక్ష్యం.

అగస్టీన్ చూసింది అబద్ధం కాదు. ఇద్దరు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా కనిపించేదే. ఎప్పుడో పాలు మానిన పెద్దోడు, చెల్లె నోరు తెరవగానే తనకూ కావాలని తల్లి కొంగు లాగుతాడు. తొట్టెల ఖాళీ అయితే కాళ్లు ముడుచుకుని అందులో దూరి, ఊపమని కేకలేస్తాడు. చివరికి తనకు తోచిన ఉపాయం చెప్తాడు: "అవ్వా, చెల్లెను దవఖానల ఇచ్చి వద్దాం పా." అసూయ ఉంది, కాదనలేం. కానీ అదే పిల్లవాడు గడియ గడవకముందే తన చేతిలో సకినం విరిచి, పళ్లు రాని చెల్లె నోట్లో పెడతాడు. తల్లి గుండె గుభేలుమంటుంది. జరగబోయిన నష్టం చూస్తే అది ఘోరం. పెట్టిన చెయ్యి చూస్తే ప్రేమ. అగస్టీన్ ఆ కాసేపు కూడా అక్కడే నిలబడి ఉంటే బాగుండేది.

స్విట్జర్లాండ్ మానసిక శాస్త్రవేత్త జీన్ పియాజే 1932లో అచ్చయిన పుస్తకంలో సరిగ్గా దీన్నే పరిశీలించాడు. ఒక పిల్లవాడు తెలియక తలుపు తోస్తే వెనకున్న 15 కప్పులు పగిలాయి. ఇంకొకడు జామ్ దొంగతనంగా తీయబోతే ఒక కప్పు పగిలింది. తప్పెవరిది ఎక్కువని అడిగితే, చిన్న వయసు పిల్లలు చాలావరకు 15 కప్పుల వాడిదే అన్నారు. వాళ్లకు కనపడేది నష్టమే, ఉద్దేశం కాదు. అలాంటి పిల్లవాడికి దేవుడి శిక్ష గురించి చెప్తే ఏమవుతుంది? ప్రేమతో సకినం పెట్టిన వాడు, తల్లి కేక విని, తానే పాపి అనుకుంటాడు. భక్తి మొదలు కావాల్సిన చోట భయం కూర్చుంటుంది.

అబద్ధం సంగతీ అంతే. ఎదుటివాడి మనసులో తనకు తెలిసింది కాక వేరే నమ్మకం ఉండవచ్చని తెలిస్తేనే మోసం కుదురుతుంది. విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు 1983లో చాక్లెట్ దాచిన కథతో పరీక్షిస్తే, మూడేళ్ల పిల్లలకు ఆ తేడా అందలేదు. నాలుగైదేళ్లు దాటినకొద్దీ అందసాగింది. ఈ ప్రాంతంలో గల్ఫ్ పోయిన తండ్రులున్న ఇళ్లలో దీన్ని రోజూ చూడొచ్చు. ఫోన్‌లో కనిపించే బాపు నోటికి అన్నం ముద్ద అందించి "బుక్క తిను" అంటాడు పోరడు, తెర నిండా పప్పు. చెల్లెను గిచ్చిన సంగతి తల్లి ఫిర్యాదు చేసి, దుబాయ్ నుంచి బాపు గొంతు పెంచితే, ఫోన్ బోర్లా పెట్టి ఆటకు పోతాడు. బాపు కనపడలేదంటే కోపం కూడా లేనట్టే! అన్నీ చూసే దేవుడనే ఊహ ఆ బుర్రకు ఎలా ఎక్కుతుంది?

చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. 1860 నాటి శిక్షాస్మృతి మాటా అదే. ఇస్లాం సంప్రదాయంలోనైతే పిల్లలు యుక్తవయసుకు వచ్చేదాకా వాళ్ల తప్పులు రాసే కలం పైకెత్తి ఉంటుంది.

పాపం కాదంటే వదిలేయమని కాదు. కొడిమ్యాలకు పక్క మండలంలో కొండగట్టు అంజన్న ఉన్నాడు. ఆయన బాల్యం రామాయణం ఉత్తరకాండలో చదివితే ఏ తల్లికైనా ధైర్యం వస్తుంది. సూర్యుణ్ణి పండనుకుని ఎగిరి, వజ్రాయుధం దెబ్బతో దవడ విరగ్గొట్టుకున్నాడు. అప్పటికీ బుద్ధి రాక ఋషుల యజ్ఞపాత్రలు విరగ్గొట్టాడు, నారచీరలు చించాడు. వాళ్లూ శపించారు, కానీ పెద్ద కోపంతో కాదు. ఎవరైనా గుర్తుచేసేదాకా నీ బలం నీకు తెలియకుండా ఉండుగాక అన్నారంతే. పాపివని ఎవరూ అనలేదు. మన్ను తిని తినలేదన్న కృష్ణుణ్ణి యశోద గద్దించింది, పెరుగు కుండ పగిలిననాడు రోటికి కట్టింది. నరకం మాట ఎత్తలేదు.

పుట్టువెంట్రుకలకు వేములవాడకో, మొక్కు తీర్చడానికి కొండగట్టుకో పసిపిల్లలను తీసుకుపోయే పెద్దవాళ్లకు ఒక్క మనవి. చెల్లె మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. సకినం లాక్కోండి. ఇట్ల చేయొద్దని పదిసార్లైనా చెప్పండి. "కండ్లు పోతయ్" అన్న మాట మాత్రం మానేయండి. దేవుడి పేరు దండం పెట్టించేటప్పుడు ఎత్తితే చాలు.