పరుల యుద్ధం - మన బాధ్యత

దసరా అనగానే మనకు జమ్మిచెట్టు గుర్తుకు వస్తుంది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు దాచింది ఆ చెట్టు మీదే. ఈ కథ ఏటా పిల్లలకు చెప్పుకుంటాం కానీ, అందులోని విరాటరాజు గురించి ఆలోచించేది తక్కువ. ఎవరో తెలియకుండానే పాండవులకు కొలువిచ్చాడు. తర్వాత కూతురు ఉత్తరను అభిమన్యునికిచ్చి వియ్యమందాడు. ఆ బంధుత్వంతో కురుక్షేత్రానికి వెళ్ళి, మొదటి రోజే కొడుకు ఉత్తరుణ్ణి పోగొట్టుకున్నాడు. చివరికి ద్రోణుని చేతిలో తానూ మరణించాడు. ఉత్తరుణ్ణి చంపింది శల్యుడు. ఆయనేమో మేనల్లుళ్ళయిన నకుల సహదేవుల పక్షాన పోరాడాలని బయలుదేరి, దారిలో దుర్యోధనుడు చేసిన మర్యాదలకు లొంగి, మాట ఇచ్చి అవతలి పక్షంలో చేరినవాడు. హస్తినాపురం గద్దెతో ఈ ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు.

ఒక దేశపు యుద్ధంలోకి మరొక దేశం ఎలా వెళుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. బంధుత్వం, మొహమాటం, ఇచ్చిన మాట. ఈ కాలంలో వాటినే పొత్తు, సహాయం, దేశ ప్రతిష్ఠ అంటున్నారు.

మిగతా సగం జవాబు కోసం మనం స్థిరపడిన అమెరికా చరిత్రే చూద్దాం. వియత్నాంలోకి అమెరికా ఒక్కరోజులో దిగలేదు. 1950లో అక్కడ పోరాడుతున్న ఫ్రెంచివారికి డబ్బు, ఆయుధాలు ఇవ్వడంతో మొదలైంది. 1954లో ఫ్రెంచివారు ఓడిపోయాక, దక్షిణ వియత్నాం సైన్యానికి శిక్షణ ఇచ్చే పని అమెరికా మీద పడింది. 1961 మొదట్లో వందల్లో ఉన్న సలహాదారులు 1963 చివరికి సుమారు 16 వేలయ్యారు. 1964 ఆగస్టులో టోన్‌కిన్ సింధుశాఖలో అమెరికా ఓడలపై రెండుసార్లు దాడి జరిగిందన్నారు. రెండవ దాడి జరగనేలేదని తర్వాత తేలింది. కానీ అప్పటికే ప్రతినిధుల సభ 416-0, సెనేట్ 88-2 ఓట్లతో అధ్యక్షుడు జాన్సన్‌కు అధికారం ఇచ్చేశాయి. 1965 మార్చిలో డనాంగ్ వైమానిక స్థావరానికి కాపలా అంటూ 3,500 మంది మెరైన్లను పంపారు. 1969 నాటికి అక్కడి అమెరికా సైన్యం 5 లక్షల 40 వేలు దాటింది. ఉత్తర వియత్నాంకు సోవియట్ యూనియన్, చైనా ఆయుధాలు అందించాయి. ఆ యుద్ధంలో 58 వేలకు పైగా అమెరికన్లు, లక్షలాది వియత్నాం ప్రజలు చనిపోయారు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది.

గమనిస్తే, ప్రతి అడుగుకూ దాని ముందు అడుగే కారణం. మొదట వాళ్ళకు సాయం చేయడానికి వెళ్ళారు. తర్వాత, వెళ్ళినవాళ్ళను కాపాడుకోవడానికి ఇంకొందరు వెళ్ళారు. ఆపైన, చనిపోయినవాళ్ళ త్యాగం వృథా కాకూడదని ఇంకా ఎందరో వెళ్ళారు. వైద్య వృత్తిలో ఉన్న మాకు ఇది తెలిసిన వ్యవహారమే. మందు పని చేయకపోతే మోతాదు పెంచుతాం, దాని దుష్ప్రభావానికి మరో మందు రాస్తాం. ఎక్కడో ఒకచోట ఆగి, అసలు రోగనిర్ధారణ సరైనదేనా అని అడగకపోతే, రోగి చికిత్సతోనే చిక్కిపోతాడు.

అయితే పరుల యుద్ధానికి దూరంగా ఉండటమే ఎప్పుడూ ధర్మమా? అదీ చెప్పలేం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుండి సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశానికి వచ్చారు. ఇల్లు తగలబడి వచ్చినవాణ్ణి అది నీ ఇంటి గొడవ అని పంపేయగలమా? ఆ యుద్ధంలో భారతదేశానికి స్వప్రయోజనం లేదనలేం. కానీ డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 1972 మార్చికల్లా మన సైన్యం తిరిగి వచ్చేసింది. అదే భారతదేశం 1987లో శాంతి కోసమని శ్రీలంకకు సైన్యాన్ని పంపి, అక్కడ ఎల్‌టీటీఈతోనే పోరాడవలసి వచ్చి, వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990లో వెనక్కి తెచ్చుకుంది. సదుద్దేశం ఒక్కటే చాలదని తెలియడానికి ఈ ఉదాహరణ చాలు.

వెళ్ళే దారి కూడా ఒకటే కాదు. కొరియా యుద్ధానికి 1950లో భారతదేశం పోరాడే సైన్యాన్ని పంపలేదు, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. ఐక్యరాజ్యసమితి సేనల వెంట ఉంటూ, వారు సైనికులతో పాటు కొరియా పౌరులకూ వైద్యం చేశారు.

ఇవన్నీ మనకెందుకు అనుకోవడానికి లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు, చట్టం కోరితే ఈ దేశం కోసం ఆయుధం పడతామని చెయ్యెత్తి ప్రమాణం చేశాం. నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగినా, 18 ఏళ్ళు నిండిన మన మగపిల్లల పేర్లు సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో ఉంటాయి. మనం కట్టే పన్నులో ఆయుధాల ఖర్చూ ఉంది. మరి యుద్ధవార్తలను క్రికెట్ మ్యాచ్‌లా చూస్తూ, ఇష్టమైన పక్షానికి చప్పట్లు కొట్టి ఊరుకోవడం న్యాయమేనా?

పిలిచినవారెవరు? ఏ పని పూర్తయితే తిరిగి వస్తాం? ఆ నేల మీద బతికే సామాన్యులు మన రాకను కోరుకుంటున్నారా? ప్రతినిధులకు ఓటు వేసేముందు ఈ ప్రశ్నలు అడిగే హక్కు మనకు ఉంది. మహానవమి నాడు ఆయుధపూజలో పెట్టిన పనిముట్లను ఆ పూటకు ముట్టుకోం. ఆ తీరిక వేళ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, విరాటరాజు కథ చెప్పి, ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేవారని అడుగుదాం. వాళ్ళ జవాబు మనకు నచ్చకపోయినా చివరిదాకా విందాం.

అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.