మబ్బు వెడల్పు

పాకాల దగ్గర మా కయ్యలో సోలార్ మోటారు పెట్టినప్పటి నుంచి నాయన తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్ళధారనే చూస్తూ ఉంటాడు. ఎండకి మబ్బుతునక అడ్డం వస్తే ధార సన్నబడుతుంది. అప్పటిదాకా ఎగిరి దూకిన నీళ్ళు పైపు అంచు పట్టుకుని కిందికి జారతాయి. మబ్బు దాటగానే పైపు ఒక్కసారి గుటక వేసి మళ్ళీ నిండుగా దూకుతుంది. పడమటి కొండల మీద మబ్బు కనబడితే చాలు, "పెద్దకయ్యకి ఇప్పుడే మడవ తిప్పురా, ఇంకాసేపటికి కమ్ముకుంటాది" అని కేకేస్తాడు.

ఆ కేక వింటే నాకు ఆస్ట్రేలియా గుర్తొస్తుంది. ఎండతో నడిచే కార్లకి అక్కడ 1987 నుంచి పందెం జరుగుతోంది. పేరు వరల్డ్ సోలార్ చాలెంజ్. ఉత్తరాన డార్విన్ నుంచి దక్షిణాన అడిలైడ్ దాకా, ఎడారి మధ్యగా దాదాపు 3,000 కిలోమీటర్లు. 2023లో మన పక్కనే ఉన్న ఐఐటీ మద్రాసు పిల్లల జట్టు 'అగ్నిరథ్' కూడా వెళ్ళింది. వేగంతో తేల్చే తరగతిలో ఆ ఏడు కారు మీద పరచుకోనిచ్చింది 4 చదరపు మీటర్ల సోలార్ పలకలే. రెండు నులకమంచాలు పక్కపక్కన వేసినంత. నడినెత్తిన ఎండ కాసినా వాటి నుంచి వచ్చేది ఒక ఇస్త్రీపెట్టెకి సరిపోయే కరెంటు. మా 5 హెచ్‌పీ మోటారుకి కావలసినదాంట్లో పావువంతు. దాంతోనే మనిషిని కూర్చోబెట్టుకుని, ముందు వరుస కార్లు గంటకి 80 కిలోమీటర్ల పైన పోతాయి.

వేగం రెట్టింపు చేస్తే గాలిని చీల్చడానికి నిమిషానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకని వెనక బండిలో కూర్చున్నవాళ్ళు ఆకాశాన్నీ బ్యాటరీనీ కలిపి లెక్కేసి, ఎంత వేగంతో పోవాలో డ్రైవరుకి చెబుతూ ఉంటారు. ఆ లెక్కల్లో ఒకటి నన్ను వదలడం లేదు. చిన్న మబ్బు కిందికి వస్తే కారు నెమ్మదించకూడదు. దాచుకున్నది కాస్త ఖర్చుపెట్టి త్వరగా బయటపడాలి. ఎండలోకి వచ్చాక నిదానించాలి, అక్కడ గడిపే ప్రతి నిమిషమూ రాబడే కాబట్టి.

మనం చేసేది దీనికి తలకిందులు. చెనిక్కాయలు బాగా పండిన ఏడు మా ఊళ్ళో చేతికొచ్చిందంతా పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ పరిగెత్తేది. వానలు మొహం చాటేసిన ఏడు అందరూ అరుగుల మీద కదలకుండా కూర్చునేవాళ్ళు. అట్లాంటి ఒక ఏడు మా చిన్నాయన ఎద్దుల్ని అమ్మి బెంగళూరు పోయాడు. నాయన ఉండిపోయి, అప్పు తెచ్చి, ఒకదాని తర్వాత ఒకటి మూడు బోర్లు వేయించాడు. మూడోదాంట్లోనూ దుమ్మే లేచింది. రిగ్గు బండివాళ్ళు రాడ్లు విప్పుకుంటుంటే నాయన ఆ తెల్లటి రాతిపొడిని గుప్పిట్లోకి తీసుకుని, తడి తగుల్తుందేమోనని వేళ్ళ మధ్య నలిపి నలిపి చూశాడు. ఇప్పుడు నీళ్ళు పోస్తున్నది ఎన్నో ఏళ్ళ తర్వాత వేసిన నాలుగో బోరు.

చిన్నాయన పారిపోయాడని మా అవ్వ పోయేదాకా అంటూనే ఉండింది. నేనూ అట్లాగే అనుకున్నాను. ఇప్పుడనుకోను. ఉన్న కొద్దిపాటి బలం ఖర్చుపెట్టి ఆయన మబ్బు కింద నుంచి బయటపడ్డాడు. అట్లాగని నాయనది తప్పని కూడా అనలేను. మబ్బు చిన్నదైతేనే ఆ పరుగుకి అర్థం. ఆకాశమంతా మూసుకుపోయినప్పుడు పరిగెత్తితే బ్యాటరీ ఖాళీ అవుతుంది, ఎండ రాదు. పందెంలో వాళ్ళకి ఉపగ్రహం తీసిన బొమ్మలుంటాయి. ఆ కరువు వెడల్పు ఎంతో మావాళ్ళకి ఎవరు చెప్పగలరు? ఏమీ తెలియకుండానే అన్నదమ్ములు చెరో దారి పట్టారు. ఒకరిని ధైర్యవంతుడనీ ఇంకొకరిని పిరికివాడనీ ఇన్నేళ్ళు మనసులో తీర్పు చెప్పుకున్న తప్పు నాదే.

లెక్క సరిగ్గా ఉన్నా గెలుపు చేతికి అందుతుందని లేదు. 2019లో నెదర్లాండ్స్ జట్టు వాటెన్‌ఫాల్ అందరికంటే ముందుండి, అడిలైడ్ ఇంకా సుమారు 250 కిలోమీటర్లు ఉందనగా కారు మంటల్లో కాలిపోయింది. డ్రైవరు క్షేమంగా బయటపడ్డాడు. పందెం వెనక వస్తున్న బెల్జియం పిల్లలది అయింది.

రోజూ పొద్దున ఎనిమిదికి కదిలిన కార్లు సాయంత్రం అయిదుకి ఆగిపోవాలి. ఎక్కడుంటే అక్కడే, రోడ్డు పక్కన గుడారాలు. ఆగాక పలకల్ని దిగే పొద్దుకి ఎదురుగా వంచి పెడతారు, తెల్లవారి లేచే పొద్దుకి ఎదురుగా మళ్ళీ. రథసప్తమి తెల్లవారుజామున తిరుమల మాడవీధి మూలలో, సూర్యప్రభ వాహనం తొలికిరణం కోసం ఆగే చోట నేనొకసారి నిలబడ్డాను. చలికి చేతులు కట్టుకుని అందరమూ తూర్పుకే చూస్తున్నాం. ఆ ఎడారిలో పలకలు ఎత్తి పట్టుకుని నిలబడే పిల్లల్ని తలచుకుంటే ఆ చలే గుర్తొస్తుంది.

మొన్న ఆదివారం చిన్నాయన వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ తొట్టి గట్టు మీద కూర్చున్నారు. అయిదు దాటింది. పైపు అంచున ధార వేలెడంత అయింది.

"ఆపేద్దామా, నా?" అన్నాడు చిన్నాయన.

"ఉండనీరా. ఇంకో సాలు తడస్తాది."