ఐదవ కారణము

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతికర్మకును ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, వివిధములైన కరణములు, వేర్వేరు చేష్టలు, కడపట దైవము. దైవము ఈ వరుసలో ఐదవదిగా నుండుట యాదృచ్ఛికము కాదని నా విశ్వాసము. లోకవ్యవహారమున మాత్రము పని సాగినప్పుడు కర్తయు, పని చెడినప్పుడు దైవమును తప్ప తక్కిన మూడును మనకు జ్ఞప్తికి రావు.

ఇందుకు ఉదాహరణముగా ఒక మోటారు యాట్‌ను గైకొనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. అమెరికా వాయవ్యతీరమున ప్యూజెట్ సౌండ్ జలములలో నేటికిని తిరుగుచున్న గ్రాండ్ బ్యాంక్స్ నావలు, మొదట హాంకాంగ్‌లోను పిదప సింగపూరులోను కట్టబడినవి, కొన్ని కలవు. వానిలో పెక్కింటికి లేమన్ సంస్థవారు సముద్రమునకు అనువుగా మార్చిన 6 సిలిండర్ల ఫోర్డు డీజిలింజను అమర్పబడినది. దాని శక్తి 120 అశ్వములు, పరమవేగము నిమిషమునకు 2500 భ్రమణములు. చుక్కానికడ నిలిచిన యజమాని చేతిలో ఒక మీట యున్నది. దానిని ముందుకు త్రోసినచో వేగము పెరుగును, వెనుకకు లాగినచో తగ్గును. కావున వేగమును కలిగించునది తన చేయియే యని అతడు తలచును. కార్బురేటరు గల పెట్రోలు ఇంజనులో ఈ తలంపు కొంతవరకు నిజమే, ఏలయన అచట మీట గాలిద్వారమునే తెరచి మూయుచుండును. ఇట్టి డీజిలింజనులో గాలికి అడ్డు లేదు. మీట చేయునదల్లా గవర్నరులోని ఒక స్ప్రింగును బిగించుట. ఆ స్ప్రింగునకు ఎదురుగా, ఇంజనుతోపాటు తిరుగుచు వేగము హెచ్చినకొలది విచ్చుకొను చిన్నబరువులు పనిచేయుచుండగా, ఈ రెంటి పోరు తేలినచోట ఏ క్షణమున ఎంత డీజిలు పోవలయునో నిశ్చయమగును. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు తగిలించిన తిరుగుడుగుండ్ల వంశమునకు చెందినదే ఈ గవర్నరు. మనుష్యుడు కోరునది వేగము. దానికి వలయు ఆహారమును కొలిచి పెట్టునది వేరొకటి.

ఇందొక సూక్ష్మము కలదు. నావ యడుగున నాచును గుల్లలును పట్టి నీరు అడ్డగింపసాగినప్పుడు భ్రమణసంఖ్య వెంటనే తగ్గిపోదు. గవర్నరు మరికొంత డీజిలును పంపి దానిని నిలబెట్టును. మీట యున్నచోటనే యుండగా, టాకోమీటరు ముల్లు 1700 కడనే నిలిచియుండగా, తన యాజ్ఞ చెల్లుచున్నదని సంతుష్టుడైన యజమాని, ఆ ఆజ్ఞను చెల్లించుటకు లోపల ఎంత హెచ్చు వెచ్చమగుచున్నదో ఎరుగకయే మాసములు గడపును. సమర్థుడైన దివాను కొలువున్న సంస్థానములలో ప్రభువులకు కరవుమాట చివరకు గాని చేరెడిది కాదు, ఇదియు అట్టిదే. ప్రొపెల్లరు అడుగు శక్తి భ్రమణవేగముయొక్క ఘనమును అనుసరించి పెరుగునది గావున, ఏదో అవసరము వచ్చి మీటను తుదివరకు త్రోసిననాడు డీజిలు పంపు ఈయగలిగినది చాలక, ముల్లు 2500 చేరక 2200 కడనో అంతకు దిగువనో ఆగిపోవును. గ్రహచారము బాగులేదనుటకు అది అనువైన సమయము.

ఆ సమయముననే పొగగొట్టమున నల్లని పొగ కానవచ్చును. పొగను జూచి నిప్పును ఊహించుట మన తార్కికులకు తొలిపాఠము. కాని పదునేడవ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు (ఈయన ఆంధ్రుడని ప్రతీతి) నిప్పును బట్టి పొగను ఊహించుట దోషమని కూడ చూపినాడు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. పొగ పుట్టవలెనన్న తడికట్టెయొక్క తోడు కావలయును. తార్కికులు ఉపాధి యనునది ఈ తడికట్టెనే. ఇంజనులోను అంతే. లోపల నిప్పు ఎల్లప్పుడును ఉన్నది; నల్లపొగ చెప్పునది, పోసిన డీజిలునకు తగిన గాలి లేదని మాత్రమే. గాలి ఫిల్టరు మూసికొనిపోయెనా, లేక మోయలేని బరువు మీదపడి డీజిలే హెచ్చయ్యెనా యను ప్రశ్నకు పొగ సమాధానము చెప్పదు. పొగ లేకయే వేగము కుంటువడినచో కథ వేరు: డీజిలు చాలినంత అందుటలేదు, కాదేని మీటనుండి పోవు కేబులు తొడుగులో తుప్పుపట్టి, పంపుమీది లీవరును కడపటి అడ్డువరకు చేర్చుటలేదు.

ఇక పరీక్ష. కారణమున్నచో కార్యముండుట, లేనిచో లేకుండుట యను నైయాయికుల అన్వయవ్యతిరేకములు ఇంజనుగదిలో గ్రీజు పూసికొని తిరుగుచుండును. ముందుగా సాక్షినే శంకింతురు: పెక్కు నావలలో టాకోమీటరు ఆల్టర్నేటరునుండి సంఖ్యను గ్రహించునది గావున, బెల్టు జారినచో ముల్లు అబద్ధమాడును, కప్పీమీద మెరయు పట్టీ అంటించి, వెలుతురుతో లెక్కించు చేతిపరికరముతో దాని మాటను సరిచూచుకొందురు. పిదప కేబులును పంపుకడ విడదీసి లీవరును చేతితో త్రోయుదురు. ఇంజను లేచినచో దోషము కేబులుది. ట్యాంకు మూత విప్పగానే గాలి బుస్సున లోనికి పోయినచో, ట్యాంకునకు ఊపిరి యగు గొట్టము పూడినదని తేలును. అన్నిటికంటె నాకు నచ్చినది మరియొక పరీక్ష: శుద్ధమైన డీజిలును విడిగా ఒక డబ్బాలో పోసి ఇంజనును దానినుండి నడపుదురు. రోగము పోయినచో దోషము ట్యాంకునుండి పంపువరకు గల దారిలోనే యున్నదనుట. డీజిలును నీరును కలియు పొరలో పెరుగు సూక్ష్మజీవుల జిగట ఫిల్టరును పూడ్చియుండవచ్చును. రెండింజనుల నావలో ఆరోగ్యముగా నున్న రెండవది, దోషము లేదని తెలిసిన విపక్షముగా, ప్రక్కనే సిద్ధముగా నుండును.

ఒకేనాడు ఫిల్టరును, కేబులును, ఇంజెక్టర్లను కలిపి మార్చువారు లేకపోలేదు. ఇంజను బాగగును, కారణము మాత్రము తెలియదు. అట్టివాడు మరునాడు గుడిలో కొబ్బరికాయ కొట్టినను, చర్చిలో క్రొవ్వొత్తి వెలిగించినను అతనిని తప్పుపట్టజాలము, ఏలయన అతనికి మిగిలిన కారణము అది యొక్కటియే.

మీట కదల్పకున్నను వేగము తనంతట తాను పడుచు లేచుచుండుట మరియొక వ్యాధి. గొట్టములలో దూరిన గాలి దీనికి సామాన్యకారణము. గవర్నరు తానే అవసరమునకు మించి దిద్దుచు, ఆ దిద్దుబాటును మరల దిద్దుచుండుటయు కారణము కావచ్చును. ఇట్టి యంత్రములు ఏల స్థిరపడును, ఏల స్థిరపడవు అనుదానిపై మాక్స్‌వెల్ 1868లో గణితముతో ఒక ప్రసిద్ధవ్యాసము వ్రాసెను. నియమించువానికే నియమము తప్పినచోట కర్త చేయి ఎంత నిశ్చలమైనను ఫలము లేదు.

అట్లైన దైవమునకు చోటెక్కడ? శంకరులు ఈ శ్లోకమున దైవమనగా చక్షురాదీంద్రియములకు అనుగ్రహము చేయు ఆదిత్యాదులని వ్యాఖ్యానించిరి. రామానుజులు అంతర్యామియగు పరమాత్మయే అనిరి. ఇద్దరిలో ఎవరి మతము గైకొన్నను దైవము కరణములను పనిచేయించునదే గాని, అవి చెడినచో వాని బదులు నిలుచునది కాదు. ఫిల్టరు మార్చనివాని సోమరితనమును మోయుటకు దైవమును పిలుచుట భక్తి యని నేను ఒప్పుకొనలేను. ఆత్మనొక్కదానినే కర్తగా చూచువాడు సరిగా చూడడని గీత వెంటనే చెప్పుచున్నది. దైవమునొక్కదానినే చూచువానికి అచట ప్రశంస ఏదియు లేదు.

దీనికి ప్రతిపక్షి ఒక గట్టి యుదాహరణము చూపవచ్చును. అరుదుగా డీజిలింజను తన కందెననూనెనే గాలితోపాటు పీల్చి, దానినే ఇంధనముగా కాల్చుకొనుచు అదుపుతప్పి పరుగెత్తును. డీజిలును పూర్తిగా కట్టివేసినను అది ఆగదు; మీట, కేబులు, గవర్నరు అన్నియు వ్యర్థములే. కర్తృత్వము ఇచట నశించినదిగదా యని అతడు అడుగును. పూర్తిగా నశింపలేదు, గాలి ఇంకను ఒక దారినే లోనికి పోవుచున్నది, దానిని మూసినచో ఇంజను ఆగును. అయితే ఆ యీడ్పునకు చేయి అడ్డము పెట్టరాదు. ద్వారమునకు సరిపడు చెక్కపలక కావలెను, అది అంతకుముందే ఇంజనుగది తలుపుకడ ఉండవలెను.