అయిదు చోట్ల దాచిన విత్తనం

వంశధార ఒడ్డున ఒక ఊళ్లో ఓ కామందు ఉండేవాడు. ఆయన పొలంలో పండే వడ్లకు చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరు. గింజ సన్నం, అన్నం తీపి, గాలివానకు పైరు పడిపోదు. మూడు తరాలుగా ఆ ఇంట్లోవాళ్లు వెన్నులు ఏరి నిలుపుకుంటూ వచ్చిన విత్తనం అది. సంతలో దొరకదు. పోతే పోయినట్టే.

అందుకని కామందు దాన్ని అయిదు చోట్ల పెట్టించాడు. సావిట్లో గాదె, పెరట్లో పురి, మెట్ట మీద పాతర, అటకెక్కించిన బానలు. అయిదోది ఏటి అవతల వియ్యంకుడి ఇల్లు. ఏటా అక్కడికి పది కుంచాలు పంపే ఏర్పాటు. ఎవరడిగినా వేళ్లు మడిచి అయిదూ చెప్పేవాడు.

ఆయన తల్లి బతికున్న రోజుల్లో పొద్దున్నే గాదెలోకి మోచేతిదాకా చెయ్యి దోపి చూసేది. లోపలి గింజ వెచ్చగా తగిలిందా, తేమ చేరిందనో పురుగు పట్టిందనో లెక్క. ఆ పూటే గాదె దింపించి వడ్లు ఎండబోయించేది. చైత్రం రాగానే ఒక్కో చోటి నుంచీ నూరేసి గింజలు తీయించి, తడి గోనెపట్టాల్లో విడివిడిగా చుట్టి నీడన పెట్టేది. వారానికి పట్టా విప్పి, ఒళ్లో పరుచుకుని, మొలకలు ఒక్కొక్కటే లెక్కపెట్టేది. ఎనభైకి తగ్గితే ఆ చోట కొత్త విత్తనం పోయించేది. ఆమె పోయాక ఆ పని ఫలానావాళ్లదని ఎవరూ చెప్పలేదు. కంబారి చూస్తున్నాడని కోడలు అనుకుంది. అమ్మగారు చూస్తున్నారని కంబారి అనుకున్నాడు.

ఒక ఏడు వైశాఖంలో ఇంట్లో ఉప్పుడు ధాన్యం ఉడకబెడుతున్నారు. సావిట్లో రెండు గాదెలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి తిండికి, ఒకటి విత్తనానికి. రెండింటికీ ఒకే ఎత్తు, ఒకే పేడపూత. పొద్దున్నుంచీ నడుం వాల్చని కంబారి, రాత్రి గుడ్డిదీపం వెలుగులో విత్తనాల గాదె తీసి కాగుల్లోకి తట్టలు తట్టలుగా పోశాడు. ఒక తట్ట ఎత్తబోతుండగా గింజ సన్నదనం వేళ్లకు తగిలి ఆగిపోయాడు. అప్పటికి అడుగున దోసెడు గింజలున్నాయి. ఉడికిన గింజ ఇక మొలవదు.

"తప్పయిపోయింది అయ్యగారూ" అని వణికిపోతున్నవాణ్ణి కామందు ఏమీ అనలేదు. "ఇంకా నాలుగు చోట్లుందిలేరా" అన్నాడు.

పురి విప్పితే ఎలుకలు మిగిల్చిన ఊక రాలింది. పాతర తెరిస్తే పులిసిన వాసన కొట్టింది. గింజలు ముద్దకట్టి నల్లబడ్డాయి. అక్కడ పశువులు కాసే కుర్రాడు, పాతరలోకి నీరు దిగుతోందని చెప్పడానికి పోయిన వానల్లోనే వచ్చాడట. మొహం ఎరగనివాడని వాకిట్లో మనిషి లోపలికి రానివ్వలేదు. అటక మీది బానల్లో గింజలు నిగనిగలాడుతుంటే కామందు ఊపిరి పీల్చుకున్నాడు. గోనెపట్టాలో చుట్టి వారానికి విప్పితే నూటికి నాలుగు మొలిచాయి. అవి ఏనాటి గింజలో చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఇక ఏరు దాటి వెళ్తే వియ్యంకుడు నివ్వెరపోయాడు. "మొదటి ఏడు తప్ప మళ్లీ రాలేదు కదా బావగారూ! మీరే మానుకున్నారనుకున్నాం."

కడకు నిలబెట్టింది కూతురు. సంక్రాంతికి వచ్చి వెళ్తూ, అత్తారి మడిలో వేసి చూద్దామని నాలుగు కుంచాలు మూటకట్టుకుపోయింది. ఎవరూ చెప్పి చేయించిన పని కాదు. ఆ మూట ఆకుమడిలో పడి మొలిచింది. దాన్ని పెంచుకుంటూ మళ్లీ పొలమంతటికీ విత్తనం చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

నీతి

దాచిన విత్తనాన్ని మొలిపించి చూసేదాకా అది ఉన్నట్టు కాదు. ఆ చూసే పని పేరుపెట్టి ఒకరికి అప్పగించాలి.

ఈ కథలో మనుషులు కల్పితం, జరిగిన తీరు మాత్రం కాదు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31 రాత్రి దాదాపు ఇదే జరిగింది. స్పామ్ తాకిడికి డేటాబేస్ మీద లోడ్ పెరిగి, ప్రధాన సర్వర్‌కు నకలుగా నడిచే రెండో సర్వర్ వెనకబడి ఆగిపోయింది. దాన్ని మళ్లీ నింపాలంటే ముందు అందులో ఉన్నది తుడిచెయ్యాలి. రాత్రి పొద్దుపోయేదాకా దానితోనే కుస్తీపట్టిన ఇంజనీరు, రెండో సర్వర్ మీద ఉన్నాననుకుని ప్రధాన సర్వర్ మీద ఆ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

అక్కడా ఏర్పాట్లు అయిదు దాకా ఉన్నాయి. డేటాబేస్‌ను రోజూ కాపీ తీసి అమెజాన్ ఎస్3లో పెట్టాలి. వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 మీద నడుస్తుంటే, కాపీ తీసే ప్రోగ్రాం 9.2ది. రోజూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఆ సంగతి చెప్పే మెయిల్స్ వెళ్తూనే ఉన్నాయి కానీ, వాటికి కావలసిన డిజిటల్ సంతకం లేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. పశువుల కుర్రాడికి జరిగిందే ఇక్కడా జరిగింది. అజ్యూర్ డిస్క్ స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకు ఉన్నాయి, డేటాబేస్‌కు పెట్టలేదు. చివరికి ఆదుకున్నది, ఆ ఇంజనీరే వేరే పని కోసం సుమారు 6 గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. దాన్ని నెమ్మదైన డిస్కుల మీంచి లాగి ఎక్కించడానికే దాదాపు 18 గంటలు పట్టింది. స్నాప్‌షాట్ తీశాక ఆ 6 గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు తిరిగి రాలేదు.

గిట్‌ల్యాబ్ ఇదంతా దాచకుండా రాసి ప్రచురించింది, డేటా ఎక్కించే పనిని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించింది. అలిసిపోయిన ఒక మనిషి మీద తప్పు నెట్టి చేతులు దులుపుకోలేదు. ఆ నివేదికలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒక్కటే. బ్యాకప్‌లు తిరిగి లేస్తాయో లేదో చూసే బాధ్యత ఏ ఒక్కరికీ లేదని వాళ్లు ఒప్పుకున్నారు, ఇకపై ఒకరికి అప్పగించాలని రాసుకున్నారు. మనుషులు పొరబడతారు. రెండు గాదెలు ఒకేలా ఉన్నప్పుడు మరీను. ఏ సర్వర్ మీద ఉన్నామో తెరమీద చూడగానే తెలిసేలా మార్చాలన్నది కూడా వాళ్లు రాసుకున్న పనుల్లో ఒకటి.

సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండటమంటే ఎర్ర దీపం వెలిగాక పరుగెత్తడం కాదు. రోజూ చెయ్యి పెట్టి చూసిన ముసలమ్మకే ఇవాళ్టి వెచ్చదనం నిన్నటిది కాదని తెలిసింది. డిస్కు 80 శాతం నిండిందన్న అంకె ఒక్కటీ ఏమీ చెప్పదు. ఆర్నెల్లుగా అక్కడే ఉంటే కంగారు లేదు. పోయిన వారం 60 ఉంటే మాత్రం వచ్చే వారానికి సర్వర్ నిలిచిపోతుంది. నకలు ఎన్ని సెకన్లు వెనకబడింది, మెమరీ చాలక స్వాప్ ఎంత వాడుతోంది అన్నవీ అంతే, నిన్నటి పక్కన పెట్టి చదవాలి. వీటి పక్కనే చివరి బ్యాకప్ ఎన్ని గంటల కిందటిది, ఎంత సైజుంది అన్నవీ ఉండాలి. నిన్న 40 జీబీ వచ్చిన ఫైలు ఇవాళ నాలుగు బైట్లు వస్తే ఎవరికో ఒకరికి ఫోన్ మోగాలి. ఫిర్యాదు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడమే పెద్ద ప్రమాదం. "అయింది" అన్న కబురు రోజూ రావాలి, రాని రోజు గంట మోగాలి.

నకలు సర్వర్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకనేవాళ్లున్నారు. ప్రధాన సర్వర్‌లో పొరపాటున ఒక పట్టిక తుడిచేస్తే, నకలు కూడా అదే క్షణంలో తుడిచేస్తుంది. అలాగని బ్యాకప్‌ను అదే ప్రాంగణంలో పెట్టినా భద్రం కాదు. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు కొందరి సర్వర్లతోపాటు వాటి బ్యాకప్‌లూ కాలిపోయాయి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న లెక్కను ప్రచారంలోకి తెచ్చినవాడు పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. ఆ ప్రతులు ఎంత తరచుగా తీయాలన్నది ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలమన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎంత త్వరగా తిరిగి ఎక్కాలన్నది ఎన్ని గంటలు తలుపులు మూసి కూర్చోగలమన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ ఇంజనీరు ఒక్కడే తేల్చేవి కావు, యజమాని కూడా కూర్చుని చెప్పాలి.

మన ఊళ్లలో పరపతి సంఘాలు, రక్తపరీక్షల ల్యాబ్‌లు, బడులు ఎన్నో ఒకే ఒక్క సర్వర్ మీద నడుస్తున్నాయి. వాటిలో జనం డబ్బు లెక్కలుంటాయి, జబ్బుల వివరాలుంటాయి. వాళ్లకు అయిదు ఏర్పాట్లు అక్కర్లేదు. నెలకో శనివారం సాయంత్రం బ్యాకప్‌ను వేరే కంప్యూటర్ మీద ఎక్కించి, మొన్న మంగళవారం రశీదు ఒకటి తెరిచి, కాగితం మీది రశీదుతో అంకె అంకె సరిచూస్తే చాలు. మొదలెట్టిన వేళ, ముగిసిన వేళ ఒక పుస్తకంలో రాసి, చూసినవాళ్లు సంతకం చెయ్యాలి. ఆ శనివారం వాళ్లు సెలవులో ఉంటే ఎవరు చూడాలో ఆ పేరు కూడా అదే పేజీలో ముందే రాసిపెట్టుకోవాలి.